ముందు కారు ఉన్నట్టుండి ఆగితే, వెనక గుద్దినవాడిదే తప్పా?

హైవే ప్రయాణికుడు:
పోయిన ఆదివారం విజయవాడ నుంచి హైదరాబాద్ వస్తున్నాం. చౌటుప్పల్ ఇంకాస్త దూరం ఉందనగా, ముందు వెళ్తున్న కారు ఎడమ పక్కన హోటల్ బోర్డు చూసి ఒక్కసారిగా బ్రేకు కొట్టింది. ఇండికేటర్ లేదు. నేనూ గట్టిగా బ్రేకు తొక్కాను, అయినా దాని డిక్కీకి తగిలింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఆయన దిగుతూనే "వెనక నుంచి గుద్ది ఇంకేం మాట్లాడతావు?" అన్నాడు. చుట్టూ చేరినవాళ్లూ అదే మాట. వెనక సీట్లో అమ్మ వణికిపోతోంది. ఆ టెన్షన్‌లో 15,000 ఇచ్చి బయటపడ్డాను. డబ్బు పోయినందుకు కాదు నా బాధ. హైవే మీద అలా ఆగిన మనిషికి ఏ బాధ్యతా ఉండదా?

క్లెయిమ్స్‌లో పన్నెండేళ్లు:
మీ బాధ అర్థమైంది అన్నా, కానీ తప్పు మీదే. 80 వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. కన్ను చూసి, కాలు బ్రేకు మీదకు వెళ్లేలోపే దాదాపు ఒక సెకను అయిపోతుంది. అంటే బ్రేకు పడకముందే ఐదు కార్ల పొడవు దాటేస్తారు. ముందువాడు హోటల్ కోసం ఆగాడా, గేదె అడ్డమొచ్చి ఆగాడా అనేది ఆ క్షణంలో మీకు తెలియదు. తెలియదు కాబట్టే ఖాళీ వదలాలి. 2018లో సుప్రీంకోర్టు తీర్పిచ్చిన ఒక కేసులో, ట్రక్కు సడన్‌గా బ్రేకు వేసిందని కారు వైపువాళ్లు వాదించారు. రెండింటి మధ్య దూరం 10, 15 అడుగులే. ఆ వాదన నిలబడలేదు.

లా చదువుతున్నా:
2018 దగ్గరే ఆగిపోతే ఎలాగండీ? 2025 జులైలో అదే సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కూడా చూడాలి. 2017లో కోయంబత్తూరు దగ్గర ఒక ఇంజినీరింగ్ విద్యార్థి బైకు మీద వెళ్తున్నాడు. ముందు కారు హైవే మీద ఉన్నట్టుండి ఆగింది. అతను దానికి తగిలి రోడ్డు మీద పడ్డాడు, వెనక వస్తున్న బస్సు ఎక్కేసింది. ఎడమ కాలు తీసేయాల్సి వచ్చింది. గర్భవతి అయిన భార్యకు వాంతి వచ్చేలా ఉంటే ఆపానని కారు నడిపినాయన చెప్పాడు. మొదట కేసు విన్న ప్రమాద పరిహారాల ట్రిబ్యునల్ ఆయన్ని పూర్తిగా వదిలేసింది. సుప్రీంకోర్టు మాత్రం ఎలాంటి హెచ్చరికా లేకుండా హైవే మధ్యలో ఆపడానికి అది సరైన కారణం కాదంది. తప్పును ఇలా పంచింది: కారు 50 శాతం, బస్సు 30, విద్యార్థి 20. తగినంత దూరం పాటించలేదనే ఆ అబ్బాయికీ వాటా వేసింది. దాదాపు 1.14 కోట్ల పరిహారంలో ఆ 20 శాతం కోత పడింది.

2017 దాకా అమల్లో ఉన్న 1989 నాటి రోడ్డు నియమాల్లో ముందు బండికి దూరం పాటించాలన్నది 23వ నియమం. భద్రత కోసం తప్పనిసరైతే తప్ప సడన్‌గా బ్రేకు వేయకూడదన్నది 24. రెండూ పక్కపక్కనే ఉండేవి. మనవాళ్లు రోడ్డు మీద పంచాయితీలో మొదటిదే చదువుతారు.

సూర్యాపేట లారీ:
ఖాళీ వదలమని అందరూ చెప్తారు. మేం వదులుతూనే ఉంటాం. నలభై అడుగులు వదిలితే అందులోకి ఓ కారు దూరుతుంది, దాని వెనకే ఆటో. దూరినవాడు వెంటనే బ్రేకు వేస్తే పాతిక టన్నుల బండి ఎక్కడ ఆగుతుంది? అప్పుడు కూడా వెనక గుద్దినవాడిదే తప్పంటే నేను ఒప్పుకోను. అట్లాగని మా వాళ్లను వెనకేసుకురాను. రాత్రిపూట బ్రేక్‌డౌన్ అయిన లారీని లైట్లు లేకుండా వదిలేస్తారు, వెనక నాలుగు రాళ్లు, ఓ చెట్టుకొమ్మ పెట్టి పోతారు. దాన్ని గుద్ది ఎంతమంది పోయారో మా కళ్లారా చూశాం. అక్కడ వెనకవాడి తప్పు ఎంతని?

క్లెయిమ్స్‌లో పన్నెండేళ్లు:
మధ్యలో దూరిన బండి విషయంలో మీతో ఏకీభవిస్తాను. చీకట్లో లారీ విషయంలో ఇంకా ఎక్కువ. కానీ కెమెరా లేకపోతే ఎవరు దూరారో ఎలా తేలుతుంది? వెనక బంపరు పగిలింది, ముందు బానెట్ నలిగింది, నష్టం అంచనా వేసే ఇన్సూరెన్స్ సర్వేయరుకు కనిపించేది అంతే. మొదటి పోస్టు పెట్టినవారికి ఒక మాట. సొంత కారు నష్టానికీ వర్తించే కాంప్రహెన్సివ్ పాలసీ ఉంటే తప్పు ఎవరిదైనా మీ కారు రిపేరు మీ కంపెనీయే చేయిస్తుంది. క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్, అంటే ప్రీమియంలో వచ్చే తగ్గింపు, పోతుందని చాలామంది అక్కడికక్కడే చేతిలో డబ్బు పెట్టేస్తారు. ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే అది 50 శాతం దాకా పెరుగుతుంది మరి. కంపెనీకి చెప్పకుండా ఇచ్చిన ఆ 15,000 మాత్రం తిరిగి రావడం కష్టం.

హైవే ప్రయాణికుడు:
నాకు డాష్‌క్యామ్ ఉంది. నిన్న రాత్రి కూర్చుని వీడియో ఆపి ఆపి చూశాను. ముందు కారు దాటిన స్తంభాన్ని నేను దాటడానికి ఒక సెకనుకు కొంచెం ఎక్కువ పట్టింది. కనీసం ఉండాలనే రెండు సెకన్ల ఖాళీ కూడా లేదు. ఆ తప్పు నాదే. ఇండికేటర్ లేదని రాశాను, అది కూడా పూర్తిగా నిజం కాదు. బ్రేకు లైట్లు వెలిగాక వేశాడు. కానీ ముందు రోడ్డంతా ఖాళీ, కుక్క కూడా లేదు. ఆయన నంబరు నా దగ్గరుంది. వీడియో పంపి సగం డబ్బు అడుగుతాను.

లా చదువుతున్నా:
తప్పకుండా అడగండి. క్లిప్ అసలు ఫైలు దాచుకోండి.

క్లెయిమ్స్‌లో పన్నెండేళ్లు:
సగం ఎక్కువ. ఆ దూరానికి నేనైతే మీకు డెబ్బై, ఆయనకు ముప్పై వేస్తాను. వీడియో ఇక్కడ కూడా పెట్టండి, చూసి అవసరమైతే మార్చుకుంటాను.