బంక్ లీకేజీ: మా బోరు రిపోర్ట్ క్లీన్ వచ్చింది, సంతకం పెట్టేద్దామా?

సెక్రటరీ_బి_బ్లాక్:
మా గేటు పక్క బంక్‌లో ట్యాంకు లీకై రెండేళ్ల కింద మా బోర్లోకి పెట్రోల్ వచ్చింది. అప్పట్నుంచి వాళ్లే నీళ్లు తోడి కార్బన్ ఫిల్టర్‌లో పంపిస్తున్నారు, నీళ్లు పరీక్షించడానికి నాలుగు చెక్ బోర్లు కూడా వేశారు. ఫిబ్రవరి, మే రిపోర్టుల్లో బెంజీన్ (పెట్రోల్లో ఉండే విషం) లేదు. పంపు ఆపేస్తాం సంతకం పెట్టండి అంటున్నారు. ఏం చేద్దాం?

ల్యాబ్‌లో_పదేళ్లు:
పంపు నడుస్తుండగా తీసిన శాంపిలేనా సార్? అయితే అది సగం కథే. పంపు లాగుతున్నంతసేపు నీళ్లు పలచగానే కనిపిస్తాయి, మట్టిలో రాతిలో పట్టుకున్నది మెల్లగా దిగుతుంటుంది, ఆపాక కొన్ని నెలలకి నంబరు మళ్లీ లేస్తుంది. పైగా రెండూ వానలకి ముందువే. పెట్రోల్ నీళ్ల మీద తేలుతుంది కదా, ఎండల్లో నీటిమట్టంతో పాటు కిందికి దిగి మట్టికి పూసుకుంటుంది, వానలకి నీళ్లు పైకొచ్చి ఆ పూతని ముంచితే అప్పుడు కరుగుతుంది.

పాత_బోరు:
గ్లాసుల పట్టి వాసన చూడున్రి. 30 ఏండ్ల సంది బోర్లు ఏస్తున్న, ముక్కు కంటే పెద్ద మిషిన్ లేదు.

ల్యాబ్‌లో_పదేళ్లు:
అన్నా, బెంజీన్‌కి డబ్ల్యూహెచ్‌ఓ పెట్టింది లీటరుకి 10 మైక్రోగ్రాములు, అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 5. ముక్కుకి తెలియాలంటే వందల రెట్లు ఉండాలి.

పాత_బోరు:
అమెరికా ముచ్చట ఎందుకు, వాసన ఉన్నదా లేదా అది చెప్పు.

ఫ్లాట్_302:
పక్కింట్లో పోపు మాడినా మా ఆవిడకి తెలుస్తుంది, నీళ్లలో ఏం లేదంటోంది. అయినా వాడట్లేదు.

డల్లాస్_నాని:
మిన్నెసోటాలో బెమిడ్జి దగ్గర 1979లో క్రూడాయిల్ పైప్‌లైన్ పగిలింది, బ్యాక్టీరియానే చాలావరకు తినేస్తోందని యూఎస్‌జీఎస్ (అమెరికా భూగర్భ సర్వే) వాళ్లు చూపించారు. పంపు లేకుండా కూడా తగ్గుతుంది గురూ.

ల్యాబ్‌లో_పదేళ్లు:
1983 నుంచి అక్కడ కొలుస్తూనే ఉన్నారు నానీ గారూ, నేను అడిగేదీ అదే. బ్యాక్టీరియా తింటోందంటే ఆక్సిజన్ పడిపోవాలి, కరిగిన ఇనుము, మీథేన్ పెరగాలి. ఈ రిపోర్టులో అవి కొలిచారా? ఒక్క బెంజీన్ గడి నింపి పంపారు.

రాళ్ల_మాస్టారు:
అదీగాక అక్కడిది ఇసుక నేల, మనది గ్రానైట్. నీళ్లు పగులు ఎటుంటే అటే పోతాయి, బంక్‌కి 30 అడుగుల దూరంలో ఉన్న బోరు క్లీన్, 300 అడుగుల అవతల బోరు పాడు అనేది జరిగే పనే. చెక్ బోర్లకి కేసింగ్ ఎంత దింపారు? మామూలు బోరులాగా మొరం అంతా పైపుతో మూసేసి కింద రాతిలోంచి నీళ్లు తీస్తే, పైన తేలే పెట్రోల్ అసలు లోపలికే రాదు. నీటిమట్టం దగ్గర చిల్లుల పైపు ఉండాలి.

పాత_బోరు:
మొరంకి కేసింగ్ ఎయ్యకపోతే బోరు కూలుతది మాస్టారూ! పుస్తకాలల్ల బోరు కూలదు. ఇసొంటివి నేనే ఏసిన, తప్పంటవా?

రాళ్ల_మాస్టారు:
తాగే బోరుకి కరెక్టే. ఇది తాగడానికి కాదు కదా.

పాత_బోరు:
అంటే తప్పనే గదా.

సెక్రటరీ_బి_బ్లాక్:
మీ ఇద్దరి గొడవ తర్వాత. ఇంకో ఏడాది చూడమనడం తేలికే, ఆ పంపు షెడ్డు, ఆ మోత మా గేటు ముందు!

ఫ్లాట్_302:
సార్ అడక్కూడదు గానీ, మీ ఫ్లాట్ అమ్మకానికి ఉంది కదా?

సెక్రటరీ_బి_బ్లాక్:
ఉంది, పాప పెళ్లి ఉంది. మూడు పార్టీలు ఆ షెడ్డు చూసి వెనక్కెళ్లాయి. తప్పా?

ఫ్లాట్_302:
తప్పనట్లేదండీ. మీరు అమ్ముకుని వెళ్తారు, మేం ఉంటాం. మీ సంతకం పడ్డ రోజు నుంచి మన నీళ్ల ట్యాంకర్ డబ్బు బంక్ వాళ్లు ఇవ్వరు, ఆ కాయితంలో మూడో పేజీలో ఉంది. బెంజీన్ గురించి కాదు నా బాధ, ఆ పేజీ గ్రూపులో ఎందుకు పెట్టలేదు?

సెక్రటరీ_బి_బ్లాక్:
...పెడతాను. రాత్రికి.

ల్యాబ్‌లో_పదేళ్లు:
అప్పటిదాకా సంతకం వద్దు సార్. పంపు ఆపించి, వానలయ్యాక అక్టోబర్‌లో ఒకసారి, మళ్లీ వేసవిలో ఒకసారి శాంపిల్ తీయించండి. చిన్న గాజు సీసా, అంచుదాకా నింపాలి, గాలి బుడగ ఉండకూడదు, ఐస్‌లో పెట్టి పంపాలి. లేకపోతే ఉన్న బెంజీన్ గాల్లోకి పోతుంది. మొన్న ఎలా తీశారు?

సెక్రటరీ_బి_బ్లాక్:
బంక్ కుర్రాడు వచ్చి వాటర్ బాటిల్లో పట్టుకెళ్లాడు. లీటరు బాటిల్. సగం.

పాత_బోరు:
మూతన్న పెట్టిండా?