అప్‌డేట్: పాపకు పుట్టిన 24 గంటలకు బిలిరుబిన్ టెస్ట్ చేయించాం

కామెర్లొచ్చి ఒళ్లు పచ్చబడకముందే, అలా పచ్చబరిచే బిలిరుబిన్ ఎంతుందో చూసే రక్తపరీక్ష ఎందుకని పోయిన వారం అడిగాను కదా, చేయించాం. నా రక్తం గ్రూపు ఓ పాజిటివ్, పాపది బి పాజిటివ్. ఇలా ఉంటే నా నుంచి వెళ్లిన యాంటీబాడీలు పాప ఎర్ర రక్తకణాలను విరగ్గొట్టి కామెర్లు త్వరగా పెరగొచ్చట, అందుకే డాక్టర్‌గారు ఆగనివ్వలేదు. మడమకు సూది గుచ్చి చుక్కలు పిండుతుంటే పాప కెవ్వుమంది, నాకూ కన్నీళ్లు ఆగలేదు. బిలిరుబిన్ 8.2 వచ్చింది. అదే అంకె నాలుగో రోజున వస్తే అంత భయం లేదట, మొదటి రోజే వస్తే మాత్రం ఇంకా పెరిగే అవకాశం ఎక్కువట, అందుకే పుట్టి ఎన్ని గంటలైందో చార్టులో చూస్తారు. అన్నట్టే 36 గంటలకు 13 దాటింది, వెంటనే కళ్లకు గంతలు కట్టి నీలం లైటు కింద పెట్టారు. రెండు రోజులకు 8.6కి దిగింది, లైటు తీశాక మర్నాడు మళ్లీ చూసి ఇంటికి పంపారు. పొద్దుటెండలో పడుకోబెడితే చాలని మా అత్తయ్య అన్నారు, ఆ మాట విని ఆగి ఉంటే అనుకుంటేనే ఒళ్లు జలదరిస్తోంది. ఇప్పుడు రెండు గంటలకోసారి పాలిస్తున్నాను, బాగా తాగుతోంది.