స్టాలియన్ సెల్ఫ్ రిలే: పీకేసి డైరెక్ట్ బటన్ పెట్టించాలా, ఉంచాలా?

డీజిల్‌బండి_బోయిన్‌పల్లి:
వేలంలో వచ్చిన పాత ఆర్మీ స్టాలియన్ లారీ. 24 వోల్టులు, రెండు 12 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో. పొద్దున సెల్ఫ్ బాగానే కొడుతుంది. ఇంజిన్ వేడెక్కాక ఆపి తాళం తిప్పితే రిలే (తాళం నుంచి చిన్న కరెంటు అందుకుని పెద్ద కరెంటు కలిపే స్విచ్) టక్కుమంటుంది గానీ సెల్ఫ్ కదలదు. నాలుగైదు సార్లు తిప్పితే ఒకసారి అందుకుంటుంది. రిలే ఇప్పటికే రెండుసార్లు మార్చారు. రిలే పీకేసి డ్యాష్‌బోర్డు మీద బటన్ పెట్టి సోలనాయిడ్‌కి (సెల్ఫ్ మీదుండే పెద్ద అయస్కాంత స్విచ్) నేరుగా లైన్ ఇస్తానని ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. చేయించవచ్చా?

ఆటోనగర్_వైరింగ్:
చేయించు అన్నా, ఫికర్ లేదు. రిలే అంటే నాలుగు పిన్నులు, నాలుగు లగ్గులు (వైరు కొసల క్లిప్పులు), ఒక కాయిలు (లోపలి అయస్కాంత చుట్టు), దానికో ఎర్తు. ఇన్నిట్ల ఏది లూజైనా బండి నిలబడ్తది. బటన్‌కు రెండే బోల్టులు. ట్రాక్టర్లకు వేసే పెద్ద బటన్ తీస్కో. బ్యాటరీ నుంచి 6 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) వైరు, మధ్యల ఫ్యూజు, సోలనాయిడ్ 50 నంబర్ బోల్టుకు (దాన్ని లాగించే కరెంటు వచ్చేది) సీదా. అర్ధరాత్రి శామీర్‌పేట దాటినంక రిలే పోతే ఏ దుకాణం తెరిచి ఉంటది?

మిల్లీవోల్టు:
రిలే టక్కుమంటోందంటే తాళం, కాయిలు, కాయిలు ఎర్తు మూడూ బాగున్నట్టే. సోలనాయిడ్ లాగట్లేదంటే 50 దగ్గరికి సరిపడా వోల్టులు చేరట్లేదు, లేదా సోలనాయిడే బిగుసుకుంది. ఏదో తేలకుండా బటన్ పెట్టడమంటే జ్వరం చూడకుండా మాత్ర వేసినట్టు.

సోలనాయిడ్‌లో రెండు చుట్లుంటాయి, లాగేది ఒకటి, పట్టి ఉంచేది ఒకటి. లాగే చుట్టు ఈ సైజు సెల్ఫ్‌లో సుమారు 40 ఆంపియర్లు తాగుతుంది. లోపలి రాగి పళ్ళెం బోల్టులకు తగలగానే ఈ లాగే చుట్టుకు రెండు కొసల్లోనూ ఒకే వోల్టేజి వచ్చి కరెంటు ఆగిపోతుంది. ఇక పనిచేసేది పట్టే చుట్టే. కాబట్టి కష్టమంతా మొదటి అర సెకనులోనే.

వేడిలో ఎందుకు మొరాయిస్తుందంటే, రాగి నిరోధం డిగ్రీకి 0.39 శాతం పెరుగుతుంది. 30 డిగ్రీల నుంచి 90కి వెళితే దాదాపు 23 శాతం ఎక్కువ. పొద్దున అంచు మీద పనిచేసే సోలనాయిడ్‌కి మధ్యాహ్నం ఆ అంచు ఉండదు.

ఇప్పుడు వైరు లెక్క. బ్యాటరీ నుంచి క్యాబిన్‌కి, అక్కణ్నుంచి సెల్ఫ్‌కి కలిపి 8 మీటర్లనుకుందాం. 40 ఆంపియర్ల దగ్గర 2.5 స్క్వేర్ వైరులో 2.4 వోల్టులు పోతాయి, 4 స్క్వేర్‌లో 1.5, 6 స్క్వేర్‌లో 1. సెల్ఫ్ పక్కనే రిలే ఉంటే ఈ లావు లైను మీటరున్నరతో సరి. రిలే పెట్టిందే అందుకు.

ఆటోనగర్_వైరింగ్:
6 స్క్వేర్‌ల ఒక్క వోల్టే పోతదని నువ్వే అంటున్నవ్ గదా. మరి నేను చెప్పింది తప్పెట్ల? కిందామీదా లెక్కలెందుకు, టెస్ట్ ల్యాంప్ 50 బోల్టుకు పెట్టు, వెలిగితే వైరింగ్ మంచిగున్నట్టు.

మిల్లీవోల్టు:
వోల్టుల వరకు మీ 6 స్క్వేర్ సరైనదే, ఒప్పుకుంటాను. తంటా బటన్ లోపలి పాయింట్లతో. ఇంజిన్ అందుకున్నాక బటన్ వదిలితే తెగేది పట్టే చుట్టు కరెంటు ఒక్కటే. సోలనాయిడ్ లాగకముందే వదిలితే మొత్తం 40 ఆంపియర్లు బటన్‌లోనే తెగాలి. 24 వోల్టుల డీసీ నిప్పురవ్వ పాయింట్లను అతికించేస్తుంది. అతుక్కుంటే సెల్ఫ్ తిరుగుతూనే ఉంటుంది, మెయిన్ కటాఫ్ (బ్యాటరీ స్విచ్) దించితే తప్ప ఆగదు. రిలే కూడా అతుక్కోవచ్చు, కాదనను. అది మార్చుకునే సామాను, అంతే.

ల్యాంప్ సంగతి. 21 వాట్ల బల్బు తాగేది 0.9 ఆంపియర్లు. దారిలో 0.1 ఓమ్ తుప్పు ఉన్నా బల్బు దగ్గర తగ్గేది 0.09 వోల్టు, నిండుగా వెలుగుతుంది. అదే 0.1 ఓమ్ 40 ఆంపియర్లకు 4 వోల్టులు మింగుతుంది. కాబట్టి లోడ్ మీద మీటరే పెట్టాలి. గేరు న్యూట్రల్, హ్యాండ్‌బ్రేక్, చక్రాలకు అడ్డు. ఇంజిన్ వేడిగా, సెల్ఫ్ మొరాయించేటప్పుడు ఒకరు తాళం పట్టుకుంటే ఇంకొకరు నాలుగు చోట్ల చూడాలి: బ్యాటరీ పోస్టు (క్లాంపు కాదు, పోస్టే), రిలే 30 వైరు (బ్యాటరీ నుంచి వచ్చేది), రిలే 87 వైరు (సోలనాయిడ్‌కి పోయేది), సోలనాయిడ్ 50. నలుపు ప్రోబ్ సెల్ఫ్ బాడీ మీద. ఒక్కో రీడింగు మూడు నాలుగు సెకన్లు, మధ్యలో నిమిషం విరామం, లేకపోతే సోలనాయిడ్ చుట్టు కాలుతుంది.

ఆలివ్‌రంగు:
ఎర్తు ఎవరూ అడగలేదు. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వది ప్రకారం రక్షణ శాఖ బండికి తప్ప ఆలివ్ గ్రీన్ ఉండకూడదు. అందుకే వేలం బండికి కొన్నవాడు చేసే మొదటి పని పెయింటు. స్ప్రే కొట్టేవాడు ఎర్తు లగ్గు విప్పడు, దాని మీదుగానే కొడతాడు. రిపేరుకు ఊడదీసినప్పుడు ఆ పెయింటు మీదే మళ్లీ బిగిస్తారు. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది కాబట్టి చాసిస్‌తో ఎర్తు కలవడానికి అల్లిక పట్టీ ఒక్కటే ఆధారం. ఇంజిన్ అందుకోకుండా ఇంధనం స్టాప్ లాగి పెట్టి ఐదు సెకన్లు సెల్ఫ్ కొడుతూ బ్యాటరీ నెగటివ్ పోస్టుకు, సెల్ఫ్ బాడీకి మధ్య కొలవండి. 0.5 వోల్టు దాటితే లగ్గు విప్పి, ఇనుము మెరిసేదాకా గీకి, బిగించాక పైన గ్రీజు.

డీజిల్‌బండి_బోయిన్‌పల్లి:
కొలిచాం. వేడి మీద, సెల్ఫ్ కదలనప్పుడు: బ్యాటరీ 24.6, రిలే 30 దగ్గర 23.8, 87 దగ్గర 18.3, 50 దగ్గర 16.1. పొద్దున సెల్ఫ్ కొడుతూ ఎర్తు చూస్తే 0.9.

మిల్లీవోల్టు:
దొరికింది. 30కీ 87కీ మధ్య 5.5 వోల్టులు. కొత్త రిలేలో అంత పోదు, కాబట్టి తప్పు బేస్‌ది (రిలే పిన్నులు దిగే సాకెట్). రిలే రెండుసార్లు మార్చారు, బేస్ మార్చలేదు. బయటికి లాగి చూడండి, 30, 87 గూళ్ల చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు మాడి ఉంటుంది. లోపలి ఆడ లగ్గు ఒకసారి వేడెక్కితే స్ప్రింగు చచ్చిపోతుంది, పిన్నును పట్టదు, కొత్త రిలేనూ అదే కాలుస్తుంది. 87 నుంచి 50 దాకా 2.2 అంటే ఆ వైరు సన్నం, లేదా లగ్గులో పచ్చగా చిలుము పట్టింది. వైరూ లగ్గులూ మొత్తం 6 స్క్వేర్‌కి మార్చండి.

ఎర్తు 0.9 కూడా బాగుచేయాల్సిందే. ఈ జబ్బుకు అసలు కారణం మాత్రం అది కాదు. సెల్ఫ్ తిరిగేటప్పుడు 300 ఆంపియర్ల దగ్గర 0.9 పోతే, లాగే చుట్టు తాగే 40కి పోయేది 0.12.

ఆటోనగర్_వైరింగ్:
బేస్ సంగతి నిజమే, నేను మిస్సయిన. కానీ ప్లాస్టిక్ బేస్ మళ్ల కాల్తది, రాసిపెట్టుకో. బోల్టు టెర్మినల్ ఉన్న ఇనుప డబ్బా రిలే వెయ్యి, బేసే ఉండదు. రాణీగంజ్‌ల అడుగుతే ఇస్తరు. డబ్బా మీద 24 ఉన్నదా చూస్కో, 12ది కూడా అచ్చం అట్లనే ఉంటది.

మిల్లీవోల్టు:
ఇందులో మీతో వాదన లేదు, 70 ఆంపియర్ల బోల్టు రిలే ఇంకా మేలు.

బటన్ మీద మనసు పోతే అదీ పెట్టుకోవచ్చు, 50కి కాదు, రిలే కాయిలుకి. తాళం స్టార్టు వైరుకు సమాంతరంగా, తాళం ఆన్‌లో ఉంటేనే కరెంటు వచ్చే లైను నుంచి. చిన్న క్యూబ్ రిలే కాయిలు తాగేది 0.1 ఆంపియర్ లోపే, డబ్బా రిలేది కొంచెం ఎక్కువ, రెంటికీ 1 స్క్వేర్ వైరు చాలు. తాళం స్విచ్ అరిగినా అర్ధరాత్రి బటన్ పనిచేస్తుంది. కాయిలు వదిలేటప్పుడు ఎగసే వోల్టేజిని మింగడానికి కాయిలుకు అడ్డంగా 1ఎన్4007 డయోడు, గీత ఉన్న కొస పాజిటివ్ వైపు. తిరగేస్తే ఫ్యూజు ఎగిరిపోతుంది.

ఆలివ్‌రంగు:
రిలేని సెల్ఫ్‌కి దగ్గరగానే, చక్రం బురద చిమ్మే గీతకు పైన బిగించండి. టెర్మినళ్లు కిందికి చూడాలి. పైకి చూస్తే వానాకాలంలో లోపల నీళ్లు నిలుస్తాయి. బ్రాకెట్ కింద కూడా పెయింటు గీకాలి, కొన్ని డబ్బా రిలేలకు కాయిలు ఎర్తు ఆ బాడీయే.