సూపర్ నింటెండో ఆటల జీబీఏ వెర్షన్లు: ఆడదగ్గవా, పక్కన పెట్టాల్సినవా?

మోడ్7_మూర్తి

చేతిలో పట్టుకుని ఆడే గేమ్‌బాయ్ అడ్వాన్స్ (జీబీఏ) మీద మమకారం ఉండటం వేరు, టీవీకి తగిలించి ఆడే సూపర్ నింటెండో నుంచి దాని మీదికి దించిన ఆటలు అసలువాటికన్నా మేలనడం వేరు. ఈ రెండిటినీ కలిపేసి "జీబీఏ వెర్షనే బెస్టు" అనేవాళ్లు ఎక్కువయ్యారు. అందుకే లెక్కలు ముందు పెడుతున్నా.

సూపర్ నింటెండో బొమ్మ 256×224 పిక్సెళ్లు. జీబీఏ తెర 240×160. అడ్డంగా పోయింది 16, అంటే మారియో ఆటలో ఒక్క ఇటుక వెడల్పు. దాంతో పేచీ లేదు. నిలువునా పోయింది మాత్రం 64. నాలుగు ఇటుకల ఎత్తు! సూపర్ మారియో వరల్డ్‌లో కేప్ వేసుకుని పైకి లేచాక కింద ఏముందో చూసుకునే వీల్లేక గుడ్డిగా దిగాలి. ఆ దశలు గీసినవాళ్లు 224 గీతల ఎత్తు ఉందనుకునే గీశారు.

బటన్లలో ఎక్స్, వై ఎగిరిపోయాయి. గిర్రున తిరుగుతూ దూకే స్పిన్ జంప్ ఎ బటన్ నుంచి భుజం మీది ఆర్‌కి మారింది. బొటనవేలి పని చూపుడువేలికి అప్పజెప్పారన్నమాట.

సౌండు సంగతి మరీ ఘోరం. సూపర్ నింటెండోలో సంగీతానికి విడిగా ఒక చిప్పు, దానికి సొంతంగా 64 కేబీ మెమరీ, ఒకేసారి 8 వాయిద్యాలు. జీబీఏలో అలాంటిదేమీ లేదు. పాత గేమ్‌బాయ్ నాలుగు ఛానెళ్లు, వాటికి తోడు రెండు 8 బిట్ల ఛానెళ్లు, అంతే. వాయిద్యాలన్నీ కలిపి ఆ రెండింట్లోకి పంపే పని ఆట నడిపే 16.78 మెగాహెర్ట్జ్ ప్రాసెసరే చూసుకోవాలి. దాని మీద బరువు తగ్గించడానికి శాంపిళ్ల సంఖ్యకు కోత వేస్తారు. నింటెండో సొంత సౌండ్ డ్రైవర్‌తో వచ్చిన ఆటలు చాలావరకు సెకనుకు 13,379 శాంపిళ్ల దగ్గర నడుస్తాయి. అందులో సగం దాకానే శబ్దం పట్టుకోగలం, అంటే 6.7 కిలోహెర్ట్జ్ పైన ఉన్నదంతా గాలికి పోయినట్టే. తాళాల మోత కాస్తా బుసబుసగా మారేది అందుకే.

రెండు వెర్షన్లూ చేతిలో ఉన్నవాడు జీబీఏదే ఎందుకు ఎంచుకోవాలి? ఒక్క కారణం చెప్పండి.

రెండు_పెన్సిల్_సెల్లులు

మూర్తిగారూ, లెక్కలు సరిగ్గానే వేశారు. తీర్పులోనే తొందరపడ్డారు.

మీరు కోతలే చూపించారు, కూడికలు చూపలేదు. మారియో వరల్డ్‌నే తీసుకోండి. అసలు ఆటలో కోటో, దెయ్యాల ఇల్లో, స్విచ్ ప్యాలెస్సో దాటితే తప్ప సేవ్ అవదు. జీబీఏలో మ్యాప్ మీద ఎక్కడున్నా సేవ్ చేసుకోవచ్చు. లుయీజీ అక్కడ పచ్చ చొక్కా వేసుకున్న మారియో, అంతకుమించి ఏమీ లేదు. ఇక్కడ ఎత్తుగా దూకుతాడు, గాల్లో కాళ్లు కొట్టుకుంటాడు, పరుగులో వెనకబడతాడు. అవే దశలు అతనితో ఆడితే వేరే ఆటే.

బస్సులో పది నిమిషాలు ఆడి జేబులో పెట్టుకునే వస్తువు కోసం చేసిన మార్పులివి. టీవీ ముందు కూర్చుని కొలిస్తే తప్పులే కనబడతాయి మరి.

ఎల్_ఆర్_ఎల్_ఆర్

కూడికల మాటొస్తే జెల్డా కూడా తేల్చండి. ఎ లింక్ టు ద పాస్ట్ 2002 జీబీఏ క్యాసెట్‌లో కొత్త కోట ఒకటి పెట్టారు. అది తెరుచుకోవాలంటే అదే క్యాసెట్‌లో ఉన్న ఫోర్ సోర్డ్స్ పూర్తి చేయాలి. అది ఒంటరిగా ఆడే ఆట కాదు. ఇద్దరు మనుషులు, రెండు జీబీఏలు, రెండు క్యాసెట్లు, ఒక లింక్ కేబుల్ కావాలి. నింటెండో తర్వాతి హ్యాండ్‌హెల్డ్ డీఎస్‌లో క్యాసెట్ పడుతుంది గానీ లింక్ పోర్టే లేదు. బుల్లి జీబీఏ అయిన మైక్రోకి పోర్టు ఉన్నా సైజు వేరు, దాని కేబుల్ దానికే. ఒంటరిగా ఆడేవాడికి ఆ కోట ఉన్నా లేనట్టే.

మోడ్7_మూర్తి

అదీ మాట. పైగా హీరో లింక్ కత్తి తిప్పిన ప్రతిసారీ ఆ అరుపు ఒకటి.

ఎస్పర్_ఏరిన_పిల్ల

మారియో, జెల్డాల దగ్గరే తిరుగుతున్నారు. అసలు కేసు ఫైనల్ ఫాంటసీ 6. అక్కడ మూర్తిగారి వాదన నిలబడదు.

సూపర్ నింటెండో వెర్షన్‌లో తప్పించుకునే శాతం, ఇవేడ్ అనే అంకె, ఉత్తుత్తిదే. ప్రోగ్రాంలో పొరపాటు వల్ల కత్తి దెబ్బలకు కూడా మంత్రాలను తప్పించే మ్యాజిక్ బ్లాక్ అంకెనే చూస్తుంది. ఇవేడ్ పెంచే డాళ్లు కొని తొడుక్కుంటే డబ్బు దండగ. మ్యాజిక్ బ్లాక్ 128 దాటిస్తే దాదాపు ఏ దెబ్బా తగలదు. అదే తప్పుకి కొసరు ఇంకొకటి: కళ్లకు గంతలు కట్టే బ్లైండ్ స్థితి పట్టినా గురి తప్పదు. ఇక మాయం చేసే వానిష్ మంత్రం వేసి ఆ వెంటనే చంపే డూమ్ వేస్తే పెద్ద పెద్ద బాసులు కూడా ఒక్క వేటుకి పోతారు. రెల్మ్ అనే పాత్ర చేత శత్రువు బొమ్మ గీసే స్కెచ్ చేయిస్తే ఒక్కోసారి వస్తువుల జాబితా మొత్తం చెత్తయి సేవ్ పాడయ్యే ప్రమాదం వేరే ఉంది.

2006 చివర్లో జపాన్‌లో, 2007లో అమెరికాలో వచ్చిన జీబీఏ వెర్షన్ ఇవేడ్‌నీ వానిష్-డూమ్‌నీ స్కెచ్‌నీ సరిచేసింది. అంటే అంకెలు తెర మీద చెప్పిన పని నిజంగా చేస్తాయి. కథానాయకుల బలాబలాలే మారిపోతాయి. పైన లెవయతన్, గిల్గమెష్, కాక్టూర్, డయాబోలోస్ అని నాలుగు ఎస్పర్లు (యుద్ధంలో సాయానికి పిలిచే మాయాప్రాణులు), డ్రాగన్స్ డెన్, సోల్ ష్రైన్ కలిపారు. 2022లో కొత్తగా చేసి వదిలిన పిక్సెల్ రీమాస్టర్ వెర్షన్‌లో ఇవేవీ లేవు. కాబట్టి "కొత్తది కొనుక్కుంటే సరి" అనే మాట కూడా చెల్లదు.

అనువాదమూ తిరగరాశారు. 1994 అమెరికా వెర్షన్‌లో విక్స్ అని ఉన్నవాడు ఇక్కడ బిగ్స్, ఫైర్ 2 అన్న మంత్రం ఫైరా. ఏది నచ్చుతుందన్నది ఎవరిష్టం వాళ్లది.

సౌండు బాగాలేదన్నది నిజమే, ఒప్పుకుంటా. ఒపెరా సీన్‌లో ఆ గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది.

కోఠి_కేబుల్

మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. అదే జీబీఏ వెర్షన్ ఫోన్‌లో ఎమ్యులేటర్ (పాత మెషీన్‌ని అనుకరించే ప్రోగ్రాం) మీద పెడితే రంగులు వందసార్లు ఉతికిన చీరలా వెలిసిపోయి కనిపిస్తున్నాయి. ఫైలు పాడైందా, సెట్టింగా? 640×480 తెర ఉన్న చిన్న చైనా హ్యాండ్‌హెల్డ్ ఒకటి కొందామని కూడా ఉంది, దాంట్లోనూ ఇంతేనా?

రెండు_పెన్సిల్_సెల్లులు

ఫైలు బాగానే ఉంది తమ్ముడూ. ఈ చర్చకి ప్రాణం నీ ప్రశ్నలోనే ఉంది.

సూపర్ నింటెండో, జీబీఏ రెండూ 32,768 రంగుల్లోంచే ఏరుకుంటాయి. కానీ 2001లో వచ్చిన మొదటి జీబీఏ తెరకు సొంత వెలుగు లేదు. ట్యూబ్‌లైటు కిందకో కిటికీ దగ్గరికో వెళ్లి ఆడాల్సిందే. దాని మీద ముదురు రంగులన్నీ నల్లగా కలిసిపోతాయి. ఆ మెషీన్‌తో పాటే వచ్చిన కాసిల్‌వేనియా సర్కిల్ ఆఫ్ ద మూన్‌ని చూడు: చీకటి కోట, నల్లటి హీరో, నల్లటి తెర. అందరూ మొత్తుకున్నారు. తర్వాతి ఏడాది హార్మొనీ ఆఫ్ డిసొనన్స్‌లో రంగులు భగ్గుమనేలా పెంచి, హీరో చుట్టూ తెల్లటి నీలి అంచు గీశారు. ఆ అంచు తెరకి వేసిన మందు. అదే ఆటని ఈనాటి ఓఎల్ఈడీ మీద పెడితే రోగం లేని ఒంటికి మందు వేసినట్టు కళ్లు జిగేల్‌మంటాయి.

ఫైనల్ ఫాంటసీ 6లోనూ అదే జరిగింది. పాలిపోయిన ఆ రంగులు పాత తెర మీద పడితే సరైన ముదురుకి వచ్చేవి. నీకు కనిపిస్తున్నది పచ్చి డేటా.

నీ ఎమ్యులేటర్ ఎం-జీబీఏ అయినా రెట్రోఆర్క్ అయినా అందులో కలర్ కరెక్షన్ ఆన్ చెయ్యి. జీబీఏ తెరని అనుకరించే షేడర్ ఉంటుంది, ఎరుపు కాస్త ఇటుక రంగుకి, మొత్తం కాస్త ముదురుకి తిరుగుతుంది. మొదట్లో "ఇదేంటి చీకటి" అనిపిస్తుంది, బ్రైట్‌నెస్ పెంచుకో. అలాగే ఇంటర్‌ఫ్రేమ్ బ్లెండింగ్ కూడా. కొన్ని ఆటలు నీడల్నీ పొగనీ ఒక ఫ్రేమ్‌లో చూపించి ఇంకో ఫ్రేమ్‌లో దాచేస్తాయి. మందకొడి పాత తెర మీద ఆ రెండూ కలిసి సగం పారదర్శకంగా కనబడేవి. ఇప్పటి చురుకైన తెర మీద టపటపా కొట్టుకుంటాయి. అయితే బ్లెండింగ్ ఎప్పుడూ ఉంచకు, పరిగెత్తే బొమ్మల వెనక తోక కనిపిస్తుంది.

మోడ్7_మూర్తి

640×480 మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, అక్కడ గెలుపు నాదే. 240ని 640కి సాగదీస్తే 2.67 రెట్లు. పిక్సెల్‌ని ముక్కలు చేయలేం కాబట్టి వరసగా 3 చుక్కలు, 3 చుక్కలు, 2 చుక్కలు అలా పంచుకుంటుంది. అక్షరాల్లో ఒక కాలు లావు, పక్క కాలు సన్నం. తెర కదులుతుంటే ఆ లావు-సన్నం ఒకచోట నిలవక గోడలన్నీ వణుకుతాయి. సూపర్ నింటెండో 256×224ని సరిగ్గా రెండింతలు చేస్తే 512×448. చుట్టూ చిన్న నల్ల అంచు, బొమ్మ కడిగిన ముత్యం.

రెండు_పెన్సిల్_సెల్లులు

అది ఆటలో లోపం కాదు, కొన్న పెట్టెలో లోపం. జీబీఏ కోసమే కొనేవాళ్లు 720×480 తెర చూసి కొంటారు, సరిగ్గా మూడింతలు. 640×480యే చేతిలో ఉంటే ఇంటిజర్ స్కేలింగ్ (పూర్తి రెట్లలోనే పెంచే సెట్టింగ్) పెట్టి 480×320లో ఆడటం మేలు, బొమ్మ చిన్నదైనా వణకదు. అది మరీ చిన్నదనిపిస్తే కాస్త మెత్తపరిచే ఫిల్టర్ వేసుకోవచ్చు.

కేబుల్ తమ్ముడికి ఇంకో మాట: బజార్లో "400 ఇన్ 1" అని అమ్మే అరచేతి పెట్టెల్లో ఉండేది ఒకే చిప్పులో కుదించిన 8 బిట్ల నింటెండో నకలు. వాటిలో జీబీఏ ఆటలు రావు. చవగ్గా ఉందని తెచ్చుకోకు.

ఐరన్_350

ఎమ్యులేటర్ల గోల చాలు. అసలు మెషీన్ మీద ఆడేవాళ్ల సంగతి ఎవరూ ఎత్తడం లేదు.

మడతపెట్టే జీబీఏ అయిన ఎస్పీ కొనేటప్పుడు వెనక స్టిక్కర్ చూడండి. ఏజీఎస్-001 అయితే ముందు నుంచి పడే లైటు, బొమ్మ పాలిపోతుంది. ఏజీఎస్-101 అయితే వెనక నుంచి, రంగు నిండుగా ఉంటుంది. స్టిక్కర్ మార్చేవాళ్లూ ఉన్నారు కాబట్టి లైటు బటన్ నొక్కి చూడాలి. 001లో లైటు పూర్తిగా ఆరిపోతుంది, 101లో ఎక్కువ-తక్కువలే తప్ప ఆరదు. రెండిట్లోనూ మామూలు హెడ్‌ఫోన్ రంధ్రం ఉండదు.

మామూలు జీబీఏకి సొంత వెలుగున్న కొత్తరకం ఐపీఎస్ తెర వేయించేవాళ్లు లోపలి బోర్డు కనెక్టర్ 32 పిన్నులదా, 40 పిన్నులదా చూసుకుని దానికి సరిపడే రిబ్బన్ తీసుకోవాలి. పాత షెల్‌లో పట్టాలంటే లోపలి ప్లాస్టిక్ గట్లు కోయాలి, చేయి తిరగనివాళ్లు ముందే కోసిన షెల్ కొనుక్కోండి. వెలుతురు మార్చుకునే సౌకర్యం కావాలంటే మూడు తీగలు సెలెక్ట్, ఎల్, ఆర్ పాయింట్లకు టంకం పెట్టాలి. కరెంటు ఎక్కువ లాగుతుంది, కాబట్టి పాత తెర ఇచ్చిన 15 గంటలు ఆశించొద్దు.

క్యాసెట్‌లో పోకెమాన్ రూబీ, సఫైర్, ఎమరాల్డ్ ఉంటే లోపల సీఆర్1616 సెల్లు. అది చచ్చినా సేవ్ పోదు, సేవ్ ఉండేది ఫ్లాష్‌లో. గడియారం మాత్రం ఆగుతుంది. పాత గేమ్‌బాయ్ క్యాసెట్లైన గోల్డ్, సిల్వర్‌లలో సీఆర్2025, అక్కడ సేవ్‌ని బతికించేదే ఆ సెల్లు. తీసిన మరుక్షణం సేవ్ హుళక్కి, కాబట్టి ముందు క్యాసెట్ చదివే డంపర్‌తో కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవాలి. రెండిటికీ రేకు కాళ్లున్న సెల్లే కొనండి. బొత్తం సెల్లు మీద నేరుగా టంకం పెడితే వేడికి ఉబ్బి పేలొచ్చు. టేపుతో అతికిస్తే క్యాసెట్ కిందపడిన రోజు కాంటాక్టు పోయి సేవ్ కూడా పోతుంది.

రూబీలో కొత్త సెల్లు వేశాక కూడా బెర్రీలు పెరగడం లేదని గాబరా పడొద్దు. గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది, ఆటకేమో పాత తేదీ గుర్తుంది. ఆ తేదీ దాటేదాకా కదలిక ఉండదు.

రాకపోతే క్యాసెట్‌లోకి ఊదడం మన జాతీయ వైద్యం, తెలుసు. తడికి కాంటాక్టులు నల్లబడతాయి. దూది పుల్లకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్ది తుడవండి.

ఎస్పర్_ఏరిన_పిల్ల

ఐరన్ అన్నా, మీరు వేసే ఆ ఐపీఎస్ తెర మీద కూడా రంగులు పాలిపోయే కనిపిస్తాయిగా? అసలు మెషీన్, అసలు క్యాసెట్, బొమ్మ మాత్రం 2001ది కాదు. షేడర్ వేసిన ఫోన్‌ని నకిలీ అంటే దాన్నేమనాలి?

ఐరన్_350

దొరికిపోయాను. కొన్ని కిట్లలో రంగులు సవరించే మోడ్ ఉంది, లేని కిట్ వేసుకుంటే నువ్వన్నదే నిజం. ఆ లెక్కన అచ్చంగా అసలు బొమ్మ కావాల్సినవాళ్లు వెలుగులేని పాత తెరతో కిటికీ పక్కన కూర్చోవాలి.

మోడ్7_మూర్తి

సరే, ఫైనల్ ఫాంటసీ 6 వరకు దిగొస్తా. ఇవేడ్ పొరపాటు చిన్నది కాదు. కానీ ఆ సౌండుతో నలభై గంటలు నావల్ల కాదు. అభిమానులు చేసిన సౌండ్ రిస్టోరేషన్ ప్యాచ్ (ఆట ఫైలుని మార్చే చిన్న ఫైలు) వేస్తే తప్ప దాన్ని పైన పెట్టను. మారియో, జెల్డాల్లో నా మాటకి తిరుగులేదు.

రెండు_పెన్సిల్_సెల్లులు

మారియో మీద రాజీ లేదు, లుయీజీ సాక్షిగా.

కోఠి_కేబుల్

ప్యాచ్ వేశాను, ఎక్కడా ఎర్రర్ రాలేదు. ఆట మాత్రం తెల్ల తెర దగ్గరే ఆగిపోతోంది.

ఎస్పర్_ఏరిన_పిల్ల

ప్యాచ్ ఫైలు ఐపీఎస్ రకమైతే (పైన చెప్పిన తెరతో సంబంధం లేదు, పేర్లు అలా కలిశాయి) అది ఏ ఫైలుకి వేస్తున్నావో చూసుకోదు. ఫలానా చోట ఫలానా బైట్లు రాయమంటే రాసేస్తుంది. అమెరికా వెర్షన్‌కి చేసిన ప్యాచ్ యూరప్ ఫైలుకి వేసినా "అయిపోయింది" అనే అంటుంది. బీపీఎస్ రకమైతే ముందే చెక్‌సమ్ (ఫైలుకి వేలిముద్ర లాంటి అంకె) సరిపోల్చి వద్దంటుంది. నీ క్యాసెట్ నుంచి తీసిన అసలు కాపీ మళ్లీ తీసుకో, ప్యాచ్‌తో వచ్చిన రీడ్‌మీలో ఏ దేశం వెర్షనో, దాని సీఆర్‌సీ (అలాంటి చెక్‌సమే) అంకె ఎంతో ఉంటుంది, దాంతో పోల్చు. ఒకసారి ప్యాచ్ పడిన ఫైలు మీద మళ్లీ వేయకు.

కోఠి_కేబుల్

యూరప్‌దే అక్కా. రీడ్‌మీ తెరవనేలేదు.