ఎరలో ఎసెన్సు కలిపితే చేప నిజంగా వస్తుందా?

గాలం కర్ర:
మా చెరువులో బంగారుతీగకు గాలం వేసేవాళ్లంతా తవుడు, మైదా ముద్దలో వెనిల్లా ఎసెన్సు పోస్తున్నారు. గట్టు మీద మాకే గుప్పుమంటోంది. నీళ్లలో ఉన్న చేపకు తెలుస్తుందా?

ఏటిగట్టు:
తెలియకేం! చేపకు ముక్కే దారి చూపేది. 1950లలో అమెరికాలో ఆర్థర్ హాస్లర్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరుడు, పుట్టిన ఏటికే తిరిగి వెళ్లే కోహో సాల్మన్ చేపలు కొన్నిటి ముక్కులు మూసి నదిలో వదిలారు. రెండు పాయలు కలిసేచోట తమ పాయ ఏదో వాటికి అంతుపట్టలేదు. ముక్కు మూయనివి చాలావరకు సరిగ్గానే వెళ్లాయి. ఎసెన్సు కలపండి, దండిగా కలపండి.

ఎర్రల డబ్బా:
సాల్మన్ మాట నిజమే. కానీ అది దారి వెతుక్కోవడం. ఇక్కడ ప్రశ్న ఎర మింగడం గురించి. నీళ్లలో కరిగిందే చేపకు అందుతుంది, వాసనైనా రుచైనా. వానపామును గుచ్చితే ఊరే రసంలో అమైనో ఆమ్లాలుంటాయి. చేప ముక్కుకూ, రుచిమొగ్గలకూ బాగా తగిలేవి అవే. సీసా మూత తీయగానే మన ముక్కుకు కొట్టే ఘాటు దీనికి కొలత కాదు.

జెల్లల జాతినే చూడండి. మీసాల నిండా, ఒంటి మీదా రుచిమొగ్గలే. అమెరికాలో బుల్‌హెడ్ అనే జెల్ల జాతి చేపలకు ముక్కు పనిచేయకుండా చేసినా, రుచిని బట్టే ఎర దగ్గరికి వచ్చాయని 1967లో జాన్ బార్డాక్ బృందం చూపించింది.

ఇక బంగారుతీగ. బెండు చటుక్కున మునిగి, లాగేలోపు పైకి తేలడం మీరంతా చూసే ఉంటారు. చాలాసార్లు అది ముద్దను నోట్లోకి పీల్చి, చప్పరించి, నచ్చక ఉమ్మేయడమే. దాని అంగిట్లో మెత్తటి కండ ఉంటుంది, దాని మీదా రుచిమొగ్గలే. బురదలోంచి తిండిని ఏరుకునేది దానితోనే. వాసనకు వచ్చిన చేప కూడా అక్కడ వద్దనుకుంటే మీ ఎసెన్సు ఖర్చు వృథా.

ఏటిగట్టు:
అన్నా, పోయిన ఆదివారం ఎసెన్సు ముద్దకే నాకు నాలుగు పడ్డాయి. దానికేమంటారు?

ఎర్రల డబ్బా:
పడ్డాయంటే నమ్ముతాను తమ్ముడూ. అదే చోట, అదే పొద్దున, ఎసెన్సు లేని ముద్దతో ఎన్ని గాలాలు వేశావు?