అప్‌డేట్: నాన్నగారి ఒంటిపై ఎర్రటి బుడిపెలు – డాక్టరు గారు తేల్చిన విషయం

అరవై దాటిన మా నాన్నగారి ఛాతీ మీద, పొట్ట మీద ఆవగింజంత ఎర్రటి బుడిపెలు ఎందుకు వస్తున్నాయని ఇక్కడ అడిగాను. స్పందించిన అందరికీ కృతజ్ఞతలు. చర్మవైద్యులకు చూపించమన్న సలహానే పనికొచ్చింది.

డాక్టరు గారు డెర్మోస్కోపుతో (చర్మాన్ని పెద్దదిగా చేసి చూపే పరికరం) పరిశీలించి, ఇవి చెర్రీ యాంజియోమాలని, చర్మంలోని సన్నని రక్తకేశనాళికలు పెరిగి గుంపుగా చేరడం వల్ల ఏర్పడే ఇవి క్యాన్సర్ కావని చెప్పారు. ముప్పై దాటినవారిలో ఇవి సర్వసాధారణమని, వయసుతో సంఖ్య పెరుగుతుందని, కొన్ని కుటుంబాల్లో ఎక్కువగా కనిపిస్తాయని, గర్భిణుల్లోనూ రావచ్చని వివరించారు.

కాలేయం చెడిందేమోనని కొందరు అనుమానించారు గానీ, దానితో సంబంధం ఉండేది స్పైడర్ యాంజియోమాలకు. వాటిలో నడిమి చుక్క నుంచి సన్నని ఎర్రటి గీతలు నలువైపులా పాకి ఉంటాయి. ఆ చుక్కను నొక్కితే అంతా పాలిపోయి, వదలగానే మధ్య నుంచి అంచులకు ఎరుపు తిరిగి వస్తుంది. నాన్నగారి బుడిపెల్లో ఆ గీతలే లేవు, గాజు పలకతో నొక్కినా ఎరుపు పూర్తిగా పోలేదు. ఇక ‘వేడి చేసింది’ అన్న మాటకూ, ఆయన పాపం మానేసిన గోంగూరకూ దీనితో ఏ సంబంధమూ లేదు.

మొలతాడు ఒరుసుకుని తరచూ రక్తం కారుతున్న ఒక్క బుడిపెను మాత్రం మత్తు సూది ఇచ్చి ఎలక్ట్రోకాటరీతో (విద్యుత్ వేడితో కాల్చి) తీసేశారు. మిగతావాటికి చికిత్స అక్కరలేదని, ఏదైనా నల్లబడినా ఆకారం మారినా చూపించమని చెప్పారు.