హోటన్‌లో హాకీ వారాంతం: వెళ్ళాలా, వద్దా?

కొత్త విద్యార్థి (హోటన్):

అందరికీ నమస్కారం. ఆగస్టులో మిషిగన్ టెక్‌లో ఎంఎస్‌కి వచ్చాను, మాది ఖమ్మం దగ్గర. మా ల్యాబ్‌లో వాళ్ళు ఎప్పుడు చూసినా మార్క్వెట్‌లోని నార్తర్న్ మిషిగన్ యూనివర్సిటీతో ఉన్న హాకీ మ్యాచ్‌ల గురించే మాట్లాడుతున్నారు. శుక్రవారం ఇక్కడ, శనివారం మార్క్వెట్‌లో అట. రెండింటికీ రమ్మంటున్నారు, కార్లో చోటు కూడా ఉందట. నాకు ఐస్ హాకీ ఓనమాలు తెలియవు, టీవీలో కూడా చూడలేదు. పైగా ఆదివారం రాత్రికి అసైన్‌మెంట్ ఇవ్వాలి. వెళ్తే ఏమైనా అర్థమవుతుందా? ఖర్చెంత అవుతుంది? లోపల చలి ఎలా ఉంటుంది? మా రూమ్మేట్ మాత్రం దండగ అంటున్నాడు.

పాత హస్కీ (హాన్‌కాక్):

తమ్ముడూ, వెళ్ళు. రూమ్మేట్‌ని కూడా లాక్కెళ్ళు, వాడు రెండో పీరియడ్‌కల్లా నీకంటే ఎక్కువ అరుస్తాడు.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. మన విద్యార్థులకి ఇక్కడి మ్యాచ్‌ల టికెట్ సెమిస్టర్ ఫీజులోనే కలిసి ఉంటుంది, అంటే నువ్వు వెళ్ళకపోయినా డబ్బు ఎప్పుడో కట్టేశావు. ఐడీ కార్డు మర్చిపోకు, నార్తర్న్ వారం కాబట్టి ఒకసారి టికెట్ కౌంటర్లో అడిగి ముందే సీటు తీసిపెట్టుకో. మ్యాకిన్నెస్ అరీనాలో పట్టేది దాదాపు 4 వేల మందే, ఆ వారం మాత్రం ఊరు ఊరంతా అక్కడే ఉంటుంది. చలి సంగతికి వస్తే, లోపల బయటంత ఉండదు గానీ రెండున్నర గంటలు కదలకుండా కూర్చుంటావు కదా, కాళ్ళు మొద్దుబారతాయి. మందం సాక్సులు, లోపల థర్మల్, పైన జాకెట్ చాలు. గ్లవ్స్ వేసుకుని చప్పట్లు కొడితే చప్పుడు రాదు, అవి జేబులో పెట్టుకో.

రూల్స్ గురించి టెన్షన్ పడకు. మూడు పీరియడ్లు, ఒక్కోటి 20 నిమిషాలు, గోలీతో (గోల్ కీపర్) కలిపి ఆరుగురు. పక్ (కర్రతో కొట్టే రబ్బరు బిళ్ళ) కంటే ముందు నీలి గీత దాటి లోపలికి వెళ్తే ఆఫ్‌సైడ్, సగం గీతకి ఇవతల నుంచి అవతలి గోడ దాకా ఊరికే కొట్టేస్తే ఐసింగ్, తప్పు చేసినవాడు రెండు నిమిషాలు పెట్టెలో కూర్చుంటే వాడి జట్టు ఒకడు తక్కువగా ఆడాలి. మొదటిసారికి ఇంత చాలు. ఆట ఆగకుండానే మనుషులు మారిపోతుంటారు, ముప్పావు నిమిషం ఆడగానే బెంచీ మీదికి దూకేస్తారు, అది చూసి కంగారు పడకు. ఇంకో మాట, పక్‌నే చూస్తూ కూర్చుంటే కళ్ళు నొప్పి పుట్టడం తప్ప ఏమీ కనపడదు. పక్ లేనివాళ్ళు ఎటు పోతున్నారో చూడు, పక్ దానంతటదే అక్కడికి వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. చాలామంది మనవాళ్ళు శుక్రవారం ఒక్క ఆట చూసి, నాలుగు ఫొటోలు దిగి, హాకీ చూశాం అంటారు. నా దృష్టిలో అది సగం ఆటే. కాలేజీ హాకీ శుక్ర, శనివారాలు కలిపి ఒకటే ఆట, మధ్యలో ఒక రాత్రి విరామం, అంతే. వారంలో క్లాసులుంటాయి కాబట్టి వారాంతంలోనే ఆడాలి, మన లీగ్‌లో బిమిడ్జి, మాంకేటో లాంటి ఊళ్ళకి బస్సులో గంటలకి గంటలు పోవాలి కాబట్టి వెళ్ళినవాళ్ళు రెండు రాత్రులు అక్కడే ఆడి వస్తారు. నార్తర్న్ ఒక్కటే మనకి 100 మైళ్ళ దూరం. అందుకే ఒక రాత్రి ఇక్కడ, ఒక రాత్రి అక్కడ. సంక్రాంతికి పక్కూరి కబడ్డీ జట్టు మన ఊరొచ్చి ఆడిపోతే మర్నాడు మనం వాళ్ళ ఊరు వెళ్ళినట్టు ఉంటుంది వ్యవహారం.

రెండో రాత్రికి ఏం మారుతుందంటే చాలా మారుతుంది. హాకీలో ఆట ఆగినప్పుడు ఎవరిని దింపాలో ముందు బయటి జట్టు చెప్పాలి, సొంత మైదానం కోచ్ అది చూసుకుని తన ఐదుగురిని దింపుతాడు. శుక్రవారం మన కోచ్ వాళ్ళ మంచి లైన్ (కలిసి దిగే ముగ్గురు ఫార్వర్డ్‌లు) మీదికి మన గట్టి డిఫెన్స్ జంటని తోలుతాడు, వాళ్ళకి ఊపిరాడదు. శనివారం ఆ సౌకర్యం వాళ్ళది. నిన్న అణిగిపోయిన వాడే ఇవాళ రెండు గోల్స్ కొడతాడు, నువ్వు శుక్రవారం చూడకపోతే అది ఎందుకు జరిగిందో నీకు తెలియదు. అలాగే కొట్లాట. టీవీలో ఎన్‌హెచ్ఎల్ (ప్రొఫెషనల్ హాకీ లీగ్) చూసినవాళ్ళు ఇక్కడ కూడా గ్లవ్స్ పారేసి గుద్దుకుంటారనుకుంటారు. కాలేజీలో అది కుదరదు, మొహానికి పూర్తి జాలీ ఉంటుంది, పైగా పిడిగుద్దులకి దిగితే ఆ ఆటలోంచి గెంటేయడమే కాకుండా తర్వాతి ఆట కూడా పోతుంది. అందుకని శుక్రవారం తిన్న మోచేతి పోటు, నెట్ వెనక పడ్డ మాట, అన్నీ లోపల దాచుకుని శనివారం గోడకేసి ఒత్తేటప్పుడు తీర్చుకుంటారు, రూల్ ప్రకారమే, కాస్త గట్టిగా. శుక్రవారం ఆరు గోల్స్ తిన్న గోలీని మర్నాడు మళ్ళీ దింపుతారా లేదా అన్నది ఆ రాత్రంతా ఈ ఊళ్ళో బార్లలో నడిచే చర్చ.

పాయింట్లు కూడా అంతే. 60 నిమిషాల్లో గెలిస్తే మూడు. సమానమైతే ముగ్గురు ముగ్గురు చొప్పున ఐదు నిమిషాలు, అప్పటికీ తేలకపోతే షూటౌట్ (ఒక్కొక్కడే వెళ్ళి గోలీ మీద కొట్టడం), ఈ రెంటిలో ఎక్కడ గెలిచినా రెండు, ఓడినవాళ్ళకి ఒకటి. అంటే వారాంతానికి ఆరు పాయింట్లు. ఫిబ్రవరిలో పట్టిక చూసుకునేటప్పుడు ఈ ఒక్కో పాయింటు ఎంత ఏడిపిస్తుందో నీకే తెలుస్తుంది.

ఊరి సంగతి కొంచెం తెలుసుకుని వెళ్ళు, పక్కన కూర్చున్న ముసలాయనతో మాట కలపడానికి పనికొస్తుంది. డబ్బిచ్చి ఆటగాళ్ళని పెట్టుకుని లీగ్ నడపడం అనేది 1904లో ఈ హోటన్ చుట్టుపక్కలే మొదలైంది, అప్పుడు ఇది రాగి గనుల డబ్బున్న ఊరు. టెక్ మూడుసార్లు జాతీయ చాంపియన్, 1962, 1965, 1975. మూడూ జాన్ మ్యాకిన్నెస్ కోచ్‌గా ఉన్నప్పుడే, అరీనాకి ఆయన పేరే. టోనీ ఎస్పొజీటో అనే గోలీ 1965 జట్టులో ఉన్నాడు, తర్వాత షికాగోలో పెద్ద పేరు తెచ్చుకున్నాడు. లీగ్ టేబుల్లో మొదట నిలిచినవాళ్ళకి ఇచ్చే మ్యాక్‌నాటన్ కప్పు కూడా ఇక్కడి వెండి కప్పే, కాల్యుమెట్ గని పెద్దమనిషి 1913లో చేయించింది. అవతలివాళ్ళు గెలిచి పట్టుకుపోయినా అది మనదే అని ఇక్కడివాళ్ళ లెక్క.

విద్యార్థుల వైపు మిచ్స్ మిస్‌ఫిట్స్ అని ఒక గుంపు ఉంటుంది, మొదటిసారి వాళ్ళ మధ్యలోనే నిలబడు, అవును, నిలబడాలి, కూర్చోనివ్వరు. చారల ఓవరాల్స్ వేసుకున్న బ్యాండ్ పక్కనే ఉంటుంది. గోల్ పడగానే అందరూ అవతలి గోలీ వైపు వేళ్ళు చూపించి సీవ్, సీవ్ (జల్లెడ) అని అరుస్తారు, నువ్వూ అరిచెయ్. మొహమాటపడేవాణ్ణి అక్కడ ఎవరూ పట్టించుకోరు, అరిచేవాణ్ణి మాత్రం సోమవారం ల్యాబ్‌లో గుర్తుపడతారు. మధ్యలో ఒకసారి నెమ్మదిగా వాల్ట్జ్ వాయిస్తారు, అప్పుడు తెలియనివాళ్ళ భుజాల మీద కూడా చేతులేసి ఊగుతారు.

అసైన్‌మెంట్ గురువారం రాత్రే ముగించు. ఈ మాట మా అమ్మ కూడా నాకు ఇన్నిసార్లు చెప్పి ఉండదు.

ఆకుపచ్చ అక్క (మార్క్వెట్):

పాత హస్కీ గారు అన్నీ చెప్పారు, 1991 మాత్రం మర్చిపోయారు, ఆశ్చర్యం లేదు. తమ్ముడూ, మా నార్తర్న్ మిషిగన్‌లో హాకీ మొదలైందే 1976లో. 15 ఏళ్ళకే జాతీయ చాంపియన్లయ్యారు, ఫైనల్లో బోస్టన్ యూనివర్సిటీ మీద 8-7, మూడో ఓవర్‌టైమ్‌లో. మీ మూడు కప్పుల్లో చివరిది 1975ది, అప్పటికి మీ నాన్నగారికి పెళ్ళయిందో లేదో.

శనివారం తప్పకుండా రా. కానీ కారు ఎవరు నడుపుతున్నారో ముందు కనుక్కో. యూఎస్-41 మీద బరాగా, లాన్స్ దాకా బాగానే ఉంటుంది, అక్కడి నుంచి మిషిగామీ మీదుగా ఇష్పెమింగ్ వచ్చేదాకా అడవి, ఫోన్ సిగ్నల్ ఉండీ ఉండదు, సరస్సు మీద నుంచి మంచు వచ్చిందంటే ముందు బండి లైట్లు కూడా కనపడవు. జింకలు వేరే. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళు, స్నో టైర్లు వేసుకున్నవాళ్ళు నడిపితే రా. నిన్న లైసెన్స్ తీసుకుని సెకండ్‌హ్యాండ్ సెడాన్ కొన్న మనవాళ్ళు నడిపేటట్టయితే వద్దు, శనివారం ఆట ఇంట్లో ఆన్‌లైన్‌లో చూసుకో. మ్యాచ్ అయ్యేసరికి తొమ్మిదిన్నర దాటుతుంది, ఆ చీకట్లో వెనక్కి వెళ్ళాలి. మంచు ఎక్కువైతే మొహమాటపడకుండా ఇక్కడే ఉండిపోండి, మా ఇంట్లో హాల్ ఉంది, దుప్పట్లున్నాయి, పొద్దున్నే ఇడ్లీ తిని బయల్దేరొచ్చు.

బట్టల గురించి ఒక మాట. మీది నలుపు, బంగారు రంగు. మాది ఆకుపచ్చ, బంగారు రంగు. బంగారు రంగొక్కటే వేసుకొస్తే రెండు వైపులా అనుమానంగా చూస్తారు. నలుపు వేసుకుని ధైర్యంగా రా, మా అరీనా బెర్రీ సెంటర్‌లో ఎవరూ ఏమీ అనరు, పాస్టీ (మాంసం, దుంపలు కూరిన కజ్జికాయ లాంటిది) కూడా పెడతారు.

ఇంకోటి, ఆయన సొంత మైదానం లాభం గురించి చెప్పారు గానీ ఐస్ కొలత చెప్పలేదు. 1999లో బెర్రీ కట్టినప్పుడు ఒలింపిక్ కొలతల ఐస్ వేశారు, 100 అడుగుల వెడల్పు. మామూలుగా అమెరికాలో 85. ఆ 15 అడుగుల తేడాలో, గోడకేసి ఒత్తి ఆడే జట్టుకి మనిషి అందేవాడు కాదు, స్కేటింగ్ బాగా తెలిసినవాడికి పండగే.

పాత హస్కీ (హాన్‌కాక్):

అక్కా, ఆ వెడల్పు ఐస్ మీదే, మీ సొంత జనం ముందే, 2018 మార్చిలో లీగ్ ఫైనల్. టెక్ 2, నార్తర్న్ 0. అంతకంటే ఏమీ అనను.

డ్రైవింగ్ గురించి మాత్రం మీరు చెప్పింది నూటికి నూరుపాళ్ళు. ఇడ్లీ సంగతి ముందే చెప్పి ఉంటే మేమంతా ఎప్పుడో వచ్చేవాళ్ళం.

డెట్రాయిట్ బాబాయ్ (నోవై):

నేనూ హోటన్‌లోనే చదివాను, కాబట్టి కాస్త నీళ్ళు చల్లే హక్కుంది. బాబూ, మొదటి సెమిస్టర్లో జీపీఏ పోతే దాన్ని ఏ పవర్‌ప్లేలోనూ (అవతలి జట్టులో ఒకడు పెట్టెలో ఉన్న సమయం) తిరిగి తెచ్చుకోలేవు. ఈ హాకీ పిచ్చి ఒకసారి పట్టిందంటే ఫిబ్రవరిలో వింటర్ కార్నివాల్, డిసెంబర్ సెలవుల్లో గ్రేట్ లేక్స్ ఇన్విటేషనల్ టోర్నీ, మార్చిలో ప్లేఆఫ్స్, ఇలా ఒకదాని వెనక ఒకటి. ఇంటర్న్‌షిప్ అప్లికేషన్లు కూడా సరిగ్గా ఈ నెలల్లోనే. శుక్రవారం వెళ్ళు, శనివారం చదువుకో. పెద్దవాణ్ణి కాబట్టి చెప్పాను.

ఆ టోర్నీ ఈమధ్య గ్రాండ్ ర్యాపిడ్స్‌లో పెడుతున్నారు. అప్పటికి జట్టు బాగుంటే చెప్పండి, టికెట్లు నేను తీస్తాను.

పాత హస్కీ (హాన్‌కాక్):

బాబాయ్, ఆఖరి వాక్యం చూశాక మిగతా పేరా ఎవరూ నమ్మరు.

కానీ తమ్ముడూ, ఆయన అన్నదాంట్లో నిజం ఉంది కాబట్టి నేను రెండు రాత్రులూ చూడమన్నది ఈ ఒక్క వారానికే. మన లీగ్‌లోని బౌలింగ్ గ్రీన్ జట్టు వచ్చినా ఫెర్రిస్ స్టేట్ వచ్చినా రెండు రాత్రులూ అక్కడే కూర్చోనక్కర్లేదు. నార్తర్న్ వేరు. గెలుపోటములకి మించి నాకు నచ్చేది చెరొకటి గెలిచిన వారాంతం. శుక్రవారం మనం గెలిచి శనివారం ఓడితే వచ్చే దారంతా కార్లో ఎవరూ మాట్లాడరు, లాన్స్ దగ్గర పెట్రోల్ బంక్‌లో ఆగినప్పుడు ఆకుపచ్చ టోపీ పెట్టుకున్న ఎవరో తలుపు పట్టుకుని మనకోసం నిలబడతారు, రోడ్డు జాగ్రత్త అంటారు. అప్పుడు అర్థమవుతుంది వీళ్ళంతా ఒకే మంచు తవ్వుకునే జనం అని. ఈ కీవెనా వైపు, అంటే మన హోటన్ ఉన్న ద్వీపకల్పంలో, ఒక చలికాలంలో, 1978-79లో, 390 అంగుళాల మంచు పడింది. మామూలు ఏడాదే 200 దాటుతుంది. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా బయట చేయడానికి ఏముంది, చెప్పు. వారానికి రెండు రాత్రులు 4 వేల మంది ఒకే కప్పు కింద చేరి గొంతు చించుకోవడం వీళ్ళు కనిపెట్టుకున్న మార్గం. చలికాలంలో గదిలో ఒక్కడివే కూర్చుని ఇంటికి వీడియో కాల్ చేసి దిగులుపడటం కంటే ఇది ఎంతో నయం, ఆ దిగులు జనవరిలో ఎలా వస్తుందో ఇక్కడున్న అందరికీ తెలుసు.

ఆకుపచ్చ అక్క (మార్క్వెట్):

చెరొకటి గెలిస్తే బాగుంటుందని ఓడినవాళ్ళే అంటారు.

కొత్త విద్యార్థి (హోటన్):

అందరికీ థాంక్స్. శుక్రవారం ఖాయం, రూమ్మేట్ కూడా వస్తానన్నాడు. శనివారం కారు నడిపేది మా ల్యాబ్‌లో కాల్యుమెట్ కుర్రాడు, ట్రక్కు వాడిది, కాబట్టి అక్కా, బహుశా వస్తాం. ఒకటే సందేహం, నేను శాకాహారిని. లోపల తినడానికి ఏమైనా దొరుకుతుందా?

పాత హస్కీ (హాన్‌కాక్):

పాప్‌కార్న్, ప్రెట్జెల్. అంతకంటే ఆశ పెట్టుకోకు. ఆరింటికి అన్నం, పప్పు తినేసి బయల్దేరు, ఆట ఏడింటి ప్రాంతంలో మొదలవుతుంది, పార్కింగ్ దొరకదు కాబట్టి నడిచే రా. విద్యార్థుల వైపు గేటు దగ్గర ఫోన్ చెయ్యి, బ్యాండ్ పక్కన మీ ఇద్దరికీ చోటు పట్టి ఉంచుతాం.

ఆకుపచ్చ అక్క (మార్క్వెట్):

ఎంతమంది వస్తున్నారో శుక్రవారం రాత్రికి చెప్పండి, ఇడ్లీకి పప్పు నానబెట్టాలి. ఓడిపోయి వచ్చినా చట్నీ ఇస్తాను.